మిగిలిన బొగ్గునకు లెక్క



యంత్రము శక్తిని సృష్టింపదు. బొగ్గునందున్న శక్తిని పనిగా మార్చి యిచ్చును. మార్చునప్పుడు చాలభాగము వేడియై జారిపోవును. జారినది నశింపదు గాని అక్కరకు రాదు. పెట్టినదానిలో ఎంత పనిగా చేతికి వచ్చెనో అదియే యంత్ర సామర్థ్యము. జమాఖర్చు లెరిగినవారికి ఇందు వింత లేదు.

1712లో ఇంగ్లండున న్యూకోమెన్ అను ఇనుప సామానుల వర్తకుడు గనులలోని నీరు తోడు ఆవిరియంత్రమును నిలిపెను. సిలిండరులోనికి ఆవిరి పంపి, అందులోనే చన్నీరు చిమ్మి చల్లార్చుటచే పిస్టను దిగెడిది, నీరు పైకి వచ్చెడిది. కాని చల్లబడిన సిలిండరును ప్రతిసారి మరల కాచుటకే బొగ్గు హరించిపోయెడిది. బొగ్గు గనుల యొద్ద బొగ్గు చవుక గనుక ఎవరికిని పట్టలేదు. కరెంటు బిల్లు రానిచోట ఫుట్ వాల్వు కారుచున్నను ఎవరును బావిలోనికి దిగి చూడనట్లే. కార్నవాల్ సీమలో రాగి, తగరపు గనులు గలవు, బొగ్గు లేదు. ఓడలపై తెచ్చుకొనవలెను. ఖర్చు బాధ అచ్చట తెలిసినది.

ఈ దుబారాకు విరుగుడు కనిపెట్టినవాడు జేమ్సు వాట్. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు చెందిన అట్టి యంత్రపు నమూనాను బాగుచేయుచు ఆలోచనలో పడెను. 1765లో ఉపాయము తోచినది: సిలిండరును ఎప్పుడును వేడిగానే యుంచి, ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చుట. అంతియే! బొగ్గు ఖర్చు సగమునకంటె తక్కువకు దిగినది.

వాట్, అతని భాగస్వామి బోల్టన్ గనులవారి నడిగిన ప్రతిఫలము చిత్రమైనది. పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు ఖరీదులో మూడవవంతు! యంత్రపు దూలము ఎన్నిమార్లు ఊగెనో లెక్కించు సాధనమును అమర్చి, పెట్టెకు తాళము వేసిరి. యజమానులు మొదట సంతసించిరి. ఏండ్లు గడచినకొలది, కాల్చని బొగ్గునకు డబ్బేమని సణిగిరి. కొందరు చెల్లింపులు నిలిపిరి. వారి బాధను కేవలము పిసినారితనమని త్రోసివేయరాదు. ఇతరులు మెరుగైన యంత్రము చేయబోయినను 1800 వరకు వాట్ పేటెంటు అడ్డుపడెను.

పిమ్మట 1811లో గనులవారు జోయెల్ లీన్ అను నతని నియమించిరి. ఏ గని యంత్రము ఒక్కొక్క బుషెలు బొగ్గుతో ఎంత నీటిని ఎంత యెత్తునకు తోడెనో నెలనెలా అచ్చువేయుట అతని పని. తన యంత్రము పట్టికలో అడుగున నున్నదని చూచుకొన్న ఇంజనీరునకు నిద్ర పట్టునా? బాయిలర్లు మార్చిరి. ఆవిరి గొట్టములకు వేడి పోకుండ తొడుగులు వేసిరి. 1840 నాటికి అదే బుషెలు సగటున సుమారు మూడింతల పని చేయసాగెను. లీన్ మరణించినను కుమారులు ఆ పత్రమును ఆపలేదు. 1904 వరకు అది వెలువడుచునే యుండెను.