తరంగంబాడిలో ఒక పూట



నేను రైల్వే గుమాస్తాను. పదిమందికీ టిక్కెట్లు ఇచ్చేవాణ్ణే గాని, తీరికగా ఒక ఊరు చూసి ఎరుగను. మొన్నటి సెలవులలో పిల్లలతో తరంగంబాడి వెళ్ళాను. అక్కడికి రైలు 1986లోనే నిలిచిపోయినది; మాయవరం నుంచి బస్సే గతి.

సముద్రపుటొడ్డున 1620 నాటి డేనిష్ వారి కోట ఉన్నది. వారికి ఆ చోటిచ్చినది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు వ్రాసిన రాజు. ఆ మాట చెప్పగానే మా అబ్బాయి, "నాన్నా, మరి నాకు తెలుగు చదవడం రాదేం?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. కోట నీడన కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దించాను. అల చెరిపితే వాడే మళ్ళీ వ్రాశాడు.

ఈ ఉగాది నుంచి మా ఇంట తెలుగు చదువు మొదలు. మీరూ ఒకసారి పిల్లలతో వెళ్ళిరండి, తొందరపడకండి.