చెత్తకు డెస్పాచ్ రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో వచ్చిన తీర్పును తలచుకొనే ఈ వేదిక మీద నన్ను సముద్రపు ఒడ్డు గురించి మాట్లాడమన్నారు. వడమాలపేటవాడికి సముద్రంతో ఏం పని అని వెనక వరుసలో నవ్వుతున్నారు. అయ్యా, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వాకాడు మండలం తూపిలిపాలెం తీరం మన జిల్లాలోకే వచ్చింది. అంతకంటె పాత సంబంధం స్వర్ణముఖిది. ఆ ఏరు తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా పారి, వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. 2021 నవంబరు వరదల్లో అది ఏమేమి మోసుకుపోయిందో మీరూ చూశారు.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. తీరం శుభ్రం చేసే వాలంటీర్ల కోసం స్నేహితులతో కలసి ఒక వెబ్ యాప్ తయారుచేశాడు. ఫోనులో తెరిస్తే ఫలానా తేదీ, ఫలానా తీరం అని కనబడుతుంది. పేరు, నెంబరు ఇస్తే ముందురోజు మెసేజి వస్తుంది. "తాతా, ఒకసారి చూడు" అని నా చేతికిచ్చాడు. "లాస్ట్ నేమ్" నింపనిదే అది ముందుకు కదలదు! ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు పెట్టుకొని సర్వీసంతా సంతకాలు చేసినవాణ్ణి, నాకు వెనక పేరెక్కడిది? పైగా ఒక ఫోను నెంబరుకు ఒకే పేరు. ఇంటికంతా ఒకే ఫోను ఉన్నచోట తల్లి పేరు ఎక్కితే కూతురి పేరు ఎక్కదు. రేషన్ కార్డులాగా ఒక నెంబరు కింద ఇంటిల్లిపాదినీ రానిమ్మన్నాను. రెండూ ఆ రాత్రికే దిద్దాడు.

అసలు తప్పు నాకూ కనబడలేదు. మొదటిసారి నలభైమంది పేర్లిస్తే పదిహేడుమంది వచ్చారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా నీళ్ల సీసాలు, తెగిన వల ముక్కలు, చెప్పులు, కవర్లు ఏరి ముప్పై ఒక్క గోనె సంచులు నింపారు. నేను కుర్చీలో కూర్చొని లెక్క రాశాను. ట్రాక్టరు పంపుతామని మాట ఇచ్చినవారు పంపలేదు. సాయంత్రం దాకా ఎదురుచూసి, సంచులు ఒడ్డునే పెట్టి వచ్చేశాము. నాలుగు రోజులకు మళ్లీ వెళితే కుక్కలు చించినవి కొన్ని, అలలు లాక్కుపోయినవి కొన్ని. అక్కడ చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక పెద్దావిడ, "చెదిరి ఉండిన చెత్తను మీరొచ్చి మూటగట్టి మా వాకిట్లో పెట్టిపోయినారే" అన్నది. మావాడు ఆ రోజు అన్నం ముట్టలేదు.

తప్పెక్కడో నాకు ఆఫీసు భాషలోనే తట్టింది. వాడు కట్టింది ఇన్‌వర్డ్ రిజిస్టరు. డెస్పాచ్ రిజిస్టరు లేదు. ఏ తపాలుకైనా డిస్పోజల్ పడేదాకా అది గుమాస్తా పేరు మీద పెండింగే గదా. శాశ్వతంగా ఉంచవలసిన ఫైలుకు మనం ఆర్.డిస్. అని వేసేవాళ్లం. ప్లాస్టిక్కు ఆ ముద్ర తనకు తానే వేసుకుంటుంది!

లెక్కకు విలువ ఉందని ఈ పని మొదలుపెట్టినవారికీ తెలుసు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, కాథీ ఒహారా అనే ఇద్దరు మహిళలు 2,800 మందిని కూడగట్టి, ఏరిన వస్తువులన్నీ చీటీల్లో రాయించారు. నేడు ఆ పని ఏటా సెప్టెంబరు మూడో శనివారం అనేక దేశాల్లో జరుగుతున్నది. ఆ కాగితం చీటీ "క్లీన్ స్వెల్" అనే యాప్ అయింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో 75 రోజులపాటు "స్వచ్ఛ సాగర్, సురక్షిత్ సాగర్" నడిపినప్పుడు కూడా "ఎకో మిత్రం" యాప్‌లోనే పేర్లు తీసుకున్నారు.

ఇప్పుడు మావాడి యాప్‌లో సంచులు ఎత్తేవారి పేరు, బండి నెంబరు, అవి చేరే చోటు, ఈ మూడు కాలమ్‌లు నిండనిదే తేదీ ప్రకటించడం కుదరదు. ఒడ్డున ఒకసారి, బండికి ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి సంచులు లెక్కపెట్టాలి. మూడు లెక్కలూ సరిపోయేదాకా ఆ కార్యక్రమం ఎర్రరంగులోనే ఉంటుంది. హైదరాబాదు ఇన్‌కాయిస్ వారు ఇచ్చే అలల సూచన చూసుకొన్న తరువాతే తేదీ అనుకుంటారు.

"ఇట్లయితే తేదీలే దొరకవు తాతా" అన్నాడు వాడు. అదే నిజమయింది. ఆరు నెలల్లో రెండుసార్లే వెళ్లగలిగారు. స్నేహితుల్లో ఇద్దరు విసిగి మానుకున్నారు. నియమం కొంచెం సడలిద్దామా అని నన్ను అడిగాడు. ఆ పెద్దావిడను అడిగి రమ్మన్నాను. వెళ్లలేదు. నియమం అట్లాగే ఉంది. నాకూ అప్పుడప్పుడు మరీ బిగించానేమో అనిపిస్తుంది.

వచ్చే నెల తూపిలిపాలెం తేదీకి మూడు కాలమ్‌లూ నిండాయి. ఏరడానికి పిల్లలున్నారు. లెక్క రాయడానికి ముగ్గురు కావాలి: ఒడ్డున ఒకరు, బండి దగ్గర ఒకరు, దించేచోట ఒకరు. నడుము వంచనక్కరలేదు, కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు. సభ ముగిశాక నా దగ్గర పేర్లివ్వండి. ఇనిషియల్ ముందే రాయవచ్చు.

సెలవు.