బాండ్ బాణీకి వారసుడెవరు?

భోజనాల పిలుపు వచ్చేలోగా ముగించమని నిర్వాహకులు ముందే చెవిలో వేశారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఏళ్ల తరబడి సాగే సినిమాల పరంపరలో హీరో మారితే పేపర్లన్నీ రాస్తాయి. సంగీత దర్శకుడు మారితే టైటిల్స్‌లో ఒక పేరు మారుతుంది, అంతే. కానీ కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి కూడా ‘ఇది జేమ్స్ బాండ్ సినిమా’ అని చెప్పేది సంగీతమే. షాన్ కానరీ నుంచి డేనియల్ క్రెయిగ్ దాకా ఆరుగురు హీరోలు వచ్చారు. గిటారు బాణీ మాత్రం అదే. ‘గూఢచారి 116’లో కృష్ణగారిని చూసి బాండ్ అంటే ఏమిటో తెలుసుకున్న పెద్దలకు కూడా ఆ బాణీ కొత్త కాదు.

ఆ బాణీ వెనక మనలాంటి వలస కథ ఒకటి ఉంది. ట్రినిడాడ్‌లోని భారతీయ కుటుంబాల మీద వి.ఎస్. నైపాల్ రాసిన ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్’ నవలను సంగీత నాటకంగా మలచాలని మాంటీ నార్మన్ ఒక పాట కట్టుకున్నారు. ఆ నాటకం రంగస్థలం ఎక్కలేదు. 1962లో ‘డాక్టర్ నో’ అవకాశం రాగానే ఆ పాట వరుసను బయటికి తీసి బాండ్‌కి ఇచ్చారు. జాన్ బారీ దానికి వాద్యాలు సమకూర్చారు, విక్ ఫ్లిక్ గిటారు మీద పలికించారు. అసలు కర్త ఎవరన్న తగాదా చివరికి లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది. 2001లో నార్మన్ పరువునష్టం దావా గెలిచారు.

బాణీ నార్మన్‌దైనా, దాని చుట్టూ ఇల్లు కట్టింది బారీ. 1963 నుంచి 1987 దాకా పదకొండు సినిమాలు చేశారు. మధ్యమధ్య జార్జ్ మార్టిన్, మార్విన్ హామ్లిష్, బిల్ కాంటీ ఒక్కొక్కటి చేశారు, 1989లో మైకేల్ కామెన్ మరొకటి. వాళ్ళు చుట్టాల్లా వచ్చి వెళ్ళారు. ఇల్లు ఇంకా బారీదే.

అసలు పరీక్ష 1995లో ‘గోల్డెన్‌ఐ’తో వచ్చింది. కొత్త హీరో, కొత్త కాలం, కనుక సంగీతం కూడా కొత్తగా ఉండాలనుకున్నారు. ల్యూక్ బెస్సన్ సినిమాలకు పనిచేసిన ఎరిక్ సెర్రాను తీసుకొచ్చారు. ఆయన తన పద్ధతిలో సింథసైజర్లతో, లోహపు చప్పుళ్ళతో రీరికార్డింగ్ చేశారు. తీరా చూస్తే సెయింట్ పీటర్స్‌బర్గ్ వీధుల్లో బాండ్ యుద్ధ ట్యాంకు తోలే సన్నివేశానికి అది సరిపోలేదు. ఆ ఒక్క సన్నివేశానికి జాన్ ఆల్ట్‌మన్ చేత మళ్ళీ సంగీతం చేయించారు, పాత బాణీతో, నిండు ఆర్కెస్ట్రాతో. నేను సెర్రాను తప్పుపట్టను. ఆయన ఎలా చేస్తారో ఆయన పాత సినిమాలు వింటే తెలుస్తుంది. వంకాయ కూర వండేవాణ్ణి పిలిచి గోంగూర రుచి రాలేదంటే ఎలా?

తరువాతి ఎంపిక నాకు ఎక్కువ నచ్చింది. డేవిడ్ ఆర్నాల్డ్ అనే యువకుడు పాత బాండ్ పాటలను కొత్త గాయకులతో పాడించి 1997లో ఒక ఆల్బమ్ తెచ్చారు. అది బారీకి నచ్చింది. నిర్మాత బార్బరా బ్రాకొలీకి ఆయనే ఆర్నాల్డ్ పేరు చెప్పారు. అయిదు సినిమాలు! మొదట్లో బారీని మరీ దగ్గరగా అనుసరించారన్న మాట ఉంది, కొంత నిజమే. కానీ 2006లో ‘కసినో రాయల్’ చూడండి. కుర్ర బాండ్ ఇంకా బాండ్ కాలేదు కనుక, బాణీని ముక్కలుగా తొంగిచూడనిచ్చి, చివర అతను తన పేరు చెప్పినప్పుడు మాత్రమే పూర్తిగా మోగించారు. చేతిలో అంత బలమైన ఆయుధం ఉండి రెండు గంటలు వాడకుండా ఉండటం బారీని నకలు చేసేవాడికి చేతకాదు, బారీని పట్టించుకోనివాడికి అసలు తోచదు.

‘స్కైఫాల్’కి దర్శకుడు సామ్ మెండిస్ తన పాత సహచరుడు థామస్ న్యూమన్‌ను తెచ్చుకున్నారు. బాఫ్టా వచ్చింది. ‘నో టైమ్ టు డై’కి మొదట అనుకున్న డాన్ రోమర్ స్థానంలో 2020 ఆరంభంలో హాన్స్ జిమ్మర్ వచ్చారు. సినిమా విడుదలకు అప్పటికి మూడు నెలలే గడువు. తరువాత కోవిడ్ వల్ల అది 2021కి వాయిదా పడింది, అది వేరే సంగతి. హడావుడిలోనూ జిమ్మర్ వెనక్కి తిరిగి చూశారు. 1969లో బారీ కట్టిన ఒక ప్రేమ పాట వరుసను తీసుకుని క్రెయిగ్ కథలో కలిపారు. గిటారు కోసం జానీ మార్‌ను పిలిచారు.

2025లో కొత్త బాండ్‌కి దర్శకుడిగా డెనీ విల్‌నెవ్ పేరు ప్రకటించారు. సంగీతానికి ఎవరిని కూర్చోబెట్టినా, ‘కొత్తగా చెయ్యి’ అనో ‘పాతదే చెయ్యి’ అనో చెప్పి పంపితే చాలదు. పాతదాన్ని ఎంత బాగా విన్నాడో ముందు అడగాలి.

చెప్పడంకన్నా వినడం మేలు. ‘గోల్డెన్‌ఐ’ ట్యాంకు సన్నివేశానికి సెర్రా చేసిన సంగీతం ఆల్బమ్‌లో మిగిలింది, ఆల్ట్‌మన్‌ది సినిమాలో ఉంది. రెండూ తెచ్చాను. సౌండు దగ్గరున్న తమ్ముడూ, ముందు సెర్రాది వెయ్యి. తరువాత రెండోది. ఏది ఎవరిదో చెప్పాను కనుక ఇక కళ్ళు మూసుకుని వినండి.