క్రియ చివర నుండు యంత్రభాష



కంప్యూటరునకు ఆజ్ఞ లిచ్చు భాష లనగానే అవి ఇంగ్లీషు వచ్చినవారి సొత్తని మన పెద్దలు తలంతురు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు తెలుగు బడులలో లెక్కలయందు మిక్కిలి చురుకైన పిల్లలును అట్లే తలంచి కంప్యూటరు గదికి దూరముగా మెలగుట నా కొలువు చివరి యేండ్లలో చూచితిని. అందుచేత ఈ పూట ఫోర్త్ అను ఒక చిన్న భాషను గూర్చి ముచ్చటింతును. దాని వాక్యము మన వాక్యమువలెనే నడచును.

"రాముడు అన్నము తినెను" అని మన మందుము. క్రియ కడపట వచ్చును. ఇంగ్లీషులో అది నడుమ వచ్చును. బడిలో వ్రాయు లెక్కయందును కూడిక గుర్తు రెండంకెల నడుమనే యుండును. మన నోటిలెక్క మాత్రము "రెండును మూడును కూడుము" అనియే. ఫోర్త్ నందును 2 3 + అని వ్రాయవలెను. ముందు వస్తువులు, పిదప పని.

ఇది నడచుటకు ఒక దొంతి కావలెను. దానినే వారు స్టాక్ అందురు. గింజలు దాచు కుండల దొంతి నెరుగని యిల్లు మన పల్లెలలో ఒకప్పుడు లేదు. కడపట పెట్టిన కుండయే మొదట చేతికి వచ్చును. అడుగుదానిని లాగినచో అన్నియు కూలును. ఎకరమునకు 30 బస్తాలు పండినవి, అందు 10 కౌలుకు పోవును, పొలము 2 ఎకరములు అనుకొనుడు. బడిలెక్కలో కుండలీకరణములు పెట్టక తప్పదు. ఫోర్త్ లో 30 10 - 2 * అన్న చాలును. 30 మీద 10 కూర్చుండును. తీసివేత ఆ రెంటిని దించి 20 పెట్టును. దానిపై 2 చేరగా, హెచ్చింపు రెంటిని దించి 40 నిలుపును. పిమ్మట ఒక చుక్క పెట్టినచో యంత్రము 40 అని చూపి, "ఓకే" అని బదులు పలుకును. గురుశిష్య సంవాదమువలె ఒక్కొక్క మాటకు జవాబు చెప్పును.

శాస్త్రము చదివినవారికి ఆకాంక్ష యనిన తెలియును. ఇచట కూడికకు రెండంకెల ఆకాంక్ష కలదు. ఏ పదమునకైనను అది దొంతినుండి ఏమి తీసికొనును, ఏమి మిగుల్చును అనునదియే తెలియవలెను; లోపలి సంగతి మన కక్కరలేదు. పదములు ఒకదానితో నొకటి పెట్టుకొన్న ఒప్పందము అంతియే.

క్రొత్త పదములను మనమే పుట్టింపవచ్చును. : ఎకరములు 40 * ; అని వ్రాసితిమేని, 3 ఎకరములు 10 + . అనగనే యంత్రము 130 గుంటలను చూపును. పదమునకు ఖాళీచోటే హద్దు గనుక పేరు తెలుగు లిపిలో నుండుటకు అడ్డు లేదు. జిఫోర్త్ అను ఉచిత రూపము ఇందుకు చాలును. తెరపై ఒత్తులు సరిగా కనబడుట మాత్రము ఆ యంత్రపు అమరికనుబట్టి యుండును.

ఈ భాషను చేసినవాడు అమెరికావాసి చార్లెస్ మూర్. నాలుగవది అను అర్థము గల ఇంగ్లీషు పేరు పెట్టదలచెను. ఆయన వాడిన యంత్రము పేర్లకు అయిదక్షరములే ఒప్పినందున ఒక యక్షరము రాలిపోయెను! 1971 నాటికి అరిజోనాలోని కిట్ పీక్ కొండపై 36 అడుగుల రేడియో దూరదర్శినిని ఇదియే నడిపెను. నాటి కంప్యూటరులలో చోటు బహు తక్కువ. ఫోర్త్ కు కొద్ది వేల బైట్లు చాలెను. కొన్ని మూలపదములను మాత్రము యంత్రమునకు తగినట్లు వ్రాసినచో తక్కినవి వానిపై లేచును. పాణిని పదునాలుగు అక్షరసూత్రములపై ఎంత కట్టెనో తలంచుకొనుడు. అందుచేతనే ఈ భాష ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు సుళువుగా పోవును. 2014 నవంబరులో తోకచుక్కపై దిగిన ఫైలీ నౌకలో దొంతిపద్ధతి ప్రాసెసర్లను ఫోర్త్ తో నడిపిరి.

దోషములును కలవు. తప్పుచోట వ్రాసినచో యంత్రము వారింపదు. ఒకరు వ్రాసినది మరియొకరికి కొరుకుడు పడుట కష్టము.

దీనివలన కొలువు వచ్చునా యని అడుగుదురు. ఫోర్త్ కోరు కొలువులు స్వల్పమే. అయినను జావా, పైథాను వంటి పెద్దభాషలును లోలోపల దొంతిమీదనే లెక్క నడుపును; దొంతి నెరిగిన పిల్లవాడు వానికి బెదరడు. బడిలో మూలబడిన పాత కంప్యూటరు ఒకటి చాలును; ఒకసారి జిఫోర్త్ నెక్కించిన పిమ్మట ఇంటర్నెట్టు లేకున్నను నడచును. మొదటి పాఠమునకు మీ యూరి కొలతలనే ఇప్పింపుడు.