కప్పకు గూడు

తొలకరి వాన ఒక్కటి గట్టిగా పడినచో ఆ రాత్రి ఉయ్యూరులో ఎవరికిని సరిగా నిద్రపట్టదు. పుల్లేరు గట్టు మొదలుకొని చెరకుతోటల బోదెల వరకు, ఊడ్పులకు సిద్ధమగుచున్న మళ్లలోను, ఇండ్ల వెనుక అరటిపాదులలోను కప్పలు పోటీపడి బెకబెకలాడుచుండును. ఋతుపవనములు వచ్చినవని మేము రేడియోలో చదువుటకు ముందే అవి ఊరికి ఆ వార్త చెప్పివేయును.

తెల్లవారిన తరువాత పిల్లల వంతు. హార్లిక్సు సీసాలు, పాత రేకుడబ్బాలు, ప్లాస్టిక్కు బకెట్లు వీధికెక్కును. తోకకప్పలను, వీలైనచో ఒక బోదురుకప్పనుకూడ పట్టితెచ్చి పెంచవలెనని వారి ఉబలాటము. మూడవ నాటికి ఆ సీసాను పెరటిగోడ ప్రక్కన బోర్లించుటయు అంత మామూలే. పిల్లలననేల? రెండేండ్ల క్రిందట మేమును ఇంతకంటె మేలుగా చేయలేదు.

మా పెరటిలో ముచ్చటపడి చిన్న నీటితొట్టి కట్టించితిమి. మేస్త్రి సిమెంటును అద్దమువలె నున్నగా మెత్తి పోయినాడు. వారము తిరుగకమునుపే నీరు నింపితిమి. వీధిగుంట ఎండిపోవుచున్నదని జాలిపడి మా అమ్మాయి అందులోని తోకకప్పలను దోసిళ్లతో తెచ్చి తొట్టిలో వదలినది. మరునాడు ఉదయమునకు అన్నియు తేలియుండెను. "గుంటలోనే వదిలేస్తే పోయేది కదా నాన్నా" అన్నది. పట్టా పుచ్చుకొన్నవారము, సైన్సు ప్రసంగములు దిద్ది ప్రసారము చేయించువారము, ఆ మాటకు బదులు చెప్పలేకపోతిమి.

జరిగినదేమో తరువాత తెలిసికొంటిమి. కప్ప మనవలె నోటితో నీరు త్రాగదు. పొట్ట అడుగున, తొడల లోప్రక్కన ఉండు పలుచని చర్మముతో తడి నేలనుండి నీటిని పీల్చుకొనును. ఊపిరితిత్తులున్నను, ప్రాణవాయువులో కొంత భాగమును చర్మముద్వారానే గ్రహించును. కప్ప కూర్చున్న చోటే దాని కంచము, అదియే దాని చెంబు. అక్కడ సున్నమున్నచో సున్నము త్రాగును. పురుగుమందున్నచో పురుగుమందు త్రాగును. తోకకప్ప స్థితి ఇంకను సుకుమారము. అది మొప్పలతో శ్వాసించును గనుక నీటిలో కరగిన దేనినుండియు తప్పించుకొనలేదు.

కొత్త సిమెంటునుండి చాలదినములు సున్నము నీటిలోనికి దిగుచుండును. నీటి క్షారతను కొలుచు పీహెచ్ లెక్కలో మామూలు నీరు 7 దాపున ఉండును. కొత్త సిమెంటు తాకిన నీరు 12 వరకు పోవచ్చును. కావున కొత్త తొట్టిని నీటితో నింపి, కొన్నాళ్లుంచి, పారబోసి మరల నింపుచు కొన్ని వారములు గడపవలెను. అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టు వాడుకయు కలదు. వేసినను నీరు మార్చుట మానరాదు. బడి ప్రయోగశాలనుండి ఒక పీహెచ్ కాగితపు ముక్క తెచ్చి ముంచి చూచుకొన్నచో సందేహము తీరును. ఆ కాగితము విలువ ఎంత? మేము మాత్రము ఆ పని చేయలేదు.

ఇక లోహములు. రాగిచెంబులో నీరు ఆరోగ్యమని మన యిండ్లలో నమ్మకము. తోకకప్పకు ఆ రాగియే విషము, మొప్పలను పాడుచేయును. ఇత్తడిలోను రాగియే అధికము. తళతళలాడు పూతరేకు తొట్టిలో జింకు పూత ఉండును, అదియు అట్టిదే. పనికిరాదని అటకమీద పడవేసిన ఇత్తడి గంగాళము చూచి "ఇది చాలును" అనుకొనువారు దానిని అటకమీదనే ఉంచుట మేలు.

మరి ఏది మంచిది? కుమ్మరి చేసిన మట్టిపాత్ర. పగిలిన కుండను ప్రక్కకు పడవేసి సగము మట్టిలో పాతినచో అంతకంటె చల్లని గూడు మరియొకటి లేదు. పాత యింటి బంగాళాపెంకు ఒకటి వాలుగా పెట్టినను చాలును. రంగు, మెరుగునూనె పూసినవి వలదు. మా తాతగారి యింట నూతివద్ద గాబు క్రింద ఒక కప్ప ఏండ్ల తరబడి కాపురముండెడిది. దానికై ఎవరును ఏమియు కొని తేలేదు.

కొయ్య పెట్టదలచినచో చెదలమందుగాని తారుగాని పూయని సరుగుడు ముక్కయో, వెదురు బద్దయో తీసికొనవలెను. ఇనుపజల్లెడ అల్లిక వలదు. కప్ప బయటికి దూకబోయి ముక్కు కొట్టుకొని పుండు చేసికొనును. అడుగున సన్నగులక పోసినచో పురుగుతోపాటు రాయినికూడ మ్రింగును. దాని తలకంటె పెద్దవైన ఏటిరాళ్లు మేలు. కొబ్బరిపొట్టు తడిని చక్కగా నిలుపును, కాని పీచును ఉప్పునీటి కయ్యలలో నానవేయు తావులు కలవు గనుక ముందు మంచినీట పలుమార్లు కడుగవలెను. అద్దపు పెట్టెలు కట్టువారు అతుకులకు వేసిన సిలికాను పులుపు వాసన పూర్తిగా పోవువరకు ఆగవలెను. బూజు పట్టకుండ మందు కలిపిన సిలికాను అసలే కూడదు.

మట్టి విషయమున మా ప్రాంతమువారు కొంత ఆలోచింపవలసియున్నది. చెరకుతోట మట్టి మెత్తగా, సారవంతముగా నుండునని తట్టెడు తెచ్చుకొనుట సహజము. చెరకులో కలుపు చావుటకు వాడు మందులలో అట్రజిన్ ఒకటి. అమెరికాలో టైరోన్ హేస్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఈ మందు శతకోటి పాళ్ల నీటిలో రెండున్నర పాళ్లు మాత్రమే కలిపి, ఆ నీటిలో ఆఫ్రికా జాతి మగకప్పలను పెంచెను. పదింట ఒకటి ఆడకప్పగా మారినదని 2010లో ప్రకటించెను. ఆ ఫలితములను కాదన్నవారును కలరు. ఆ వివాదమును తీర్చుట మా పని కాదు. తోటమట్టిని తొట్టికి తేకుండుట మాత్రము మన చేతిలోని పని. మందు గాని యూరియా గాని ఎరుగని పెరటిమట్టి చాలును.

నీరు వాననీరైనచో శ్రేష్ఠము. కుళాయి నీటిలో బ్లీచింగు పొడి కలిసియుండును గనుక వెడల్పు పాత్రలో ఒకటి రెండు దినములు ఎండకు ఉంచి పోయవలెను. దోమలకని కిరసనాయిలు చిలుకరింపరాదు. సబ్బుచేతులు ముంచరాదు. తొట్టిలోనుండి పైకెక్కుటకు ఒక రాయియో, కొయ్యయో ఏటవాలుగా ఉండవలెను. లేనిచో కప్పయు మునిగి చచ్చును. నమ్ముట కష్టమైనను ఇది నిజము.

ఒక ఊరి తొట్టిని, రాళ్లను మరియొక ఊరికి తెచ్చినచో బాగుగా కడిగి ఎండలో ఎండబెట్టవలెను. కప్పల చర్మమునకు పట్టు ఒక బూజును శాస్త్రజ్ఞులు గుర్తించి 1999లో పేరు పెట్టిరి. అది లోకమున ఎన్నియో కప్పజాతులను తుడిచిపెట్టినది. ఆ బూజు తడిలో ప్రయాణము చేయును, ఎండకు నిలువలేదు.

ఇంత చెప్పి, దీనికి మూత ఎట్టిదని మేము చెప్పలేదు. మూత లేదు. మన బోదురుకప్పకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. కప్పకాళ్ల ఎగుమతినికూడ మన దేశము 1987లో నిషేధించినది. పొలమున తిరుగుదానిని పట్టి బంధించుట తగదు. పెరటిలో నీడయు, తడియు, పగిలిన కుండయు అమర్చినచో అదియే వచ్చును, తోచినపుడు పోవును. పిల్లలు ఓపిక పట్టవలసియుండును, అంతియే.

మా తొట్టిని ఒక వేసవి అంతయు నింపుచు, పారబోయుచు గడపితిమి. క్రిందటి శ్రావణమాసమున ఒక ఉదయము తొట్టి అంచున, నీటికి జానెడు పైన, కోడిగ్రుడ్డు సొన గిలకొట్టినట్లు తెల్లని నురుగుముద్ద కనబడినది. చెట్టుకప్ప రాత్రివేళ వచ్చి పెట్టిన గ్రుడ్లగూడు అది. కొన్ని దినములకు అది కరగి, తోకకప్పలు ఒక్కొక్కటిగా క్రింది నీటిలోనికి జారినవి. మా అమ్మాయి బడికి పోవుచు ఒకమారు, వచ్చుచు ఒకమారు వానిని లెక్కపెట్టెడిది. తొట్టి దగ్గరకు మమ్ములను మాత్రము రానిచ్చెడిది కాదు.