డౌన్ ఎక్కడం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు ఏదైనా మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. నేను ముప్ఫై అయిదేళ్ళు ఫైళ్ళు మోసిన గుమస్తాని. అందులో సుమారు ఇరవై ఏళ్ళు సైకిలు మీదే ఆఫీసుకు వెళ్ళాను. కనుక సైకిలు గురించే నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను.

ఎక్కడైనా డౌన్ అంటే దిగేది. మన విశాఖపట్నంలో మాత్రం డౌన్‌ని ఎక్కుతాం కూడా! కె.జి.హెచ్. డౌన్ ఎక్కాలి, పాండురంగాపురం డౌన్ ఎక్కాలి అంటాం. మన ఊరి పేర్లలోనే ఎత్తుపల్లాలున్నాయి. కంచరపాలెం మెట్టు, ఆశీలుమెట్ట, వాల్తేరు అప్‌లాండ్స్ - ఇవన్నీ సైకిలు తొక్కేవాడికి ముందస్తు హెచ్చరికలు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, నడుమ పల్లం. ఆ పల్లంలోని చిత్తడి నేలను తవ్వి రేవు కట్టారు. 1933లో రేవు తెరిచారు. పాత ఊరు, మార్కెట్టు, రైల్వే స్టేషను పల్లంలో ఉంటే ఆసుపత్రి, కలెక్టరాఫీసు, యూనివర్సిటీ మెరకన ఉన్నాయి. అంటే పల్లంలో అద్దెకుండే గుమస్తా పొద్దున్నే ఎక్కాలి, సాయంత్రం దిగాలి.

నేను 1973లో ఉద్యోగంలో చేరాను. 1975లో సైకిలు అడ్వాన్సు పెట్టుకుని కొత్త సైకిలు కొన్నాను. అడ్వాన్సును నెలనెలా జీతంలో కోసుకునేవారు. ఆ సైకిలు బరువు ఇరవై కిలోలు. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 18 అడుగులు ముందుకు పోతుంది. చదును నేల మీద అది మహా సుఖం. పదడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు మీద మాత్రం ప్రతి చుట్టుకీ మనిషినీ బండినీ కలిపి సుమారు రెండడుగులు పైకెత్తాలి. గేర్లు లేవు కనుక రాయితీ లేదు.

ఇప్పటి గేరు సైకిళ్ళకి చిన్న గేరులో ఒక్క చుట్టుకి ఆరేడు అడుగులే నడుస్తుంది. మన భాషలో చెప్పాలంటే అసలు మారదు, వాయిదాలు చిన్నవవుతాయి. గేర్లు లేని మేము రోడ్డుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి పాములా తొక్కేవాళ్ళం. దూరం పెరిగి ఎత్తు తగ్గేది. అదీ వాయిదాల పద్ధతే. సింహాచలం ఘాటు రోడ్డు మెలికలు తిరగడంలో రహస్యం కూడా ఇదే.

దిగడం తేలిక అనుకోకండి. వానలో రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బర్లు జారిపోతాయి. డౌన్ మొదట్లోనే బ్రేకు పట్టి చూసుకోవాలి, సగం దిగాక వెతుక్కుంటే లాభం లేదు. నేనొకసారి సగం దిగాక వెతుక్కున్నాను. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

1977లో ఒకరోజు తెల్లవారుజామున మా నాన్నగారికి ఆయాసం వచ్చింది. అప్పుడు మేము మార్కెట్టుకి దగ్గర్లో ఉండేవాళ్ళం. రిక్షావాణ్ణి పిలిస్తే రెండు రూపాయలు, డౌన్ ఉంది కనుక పైన ఇంకో అర్ధరూపాయి అన్నాడు. అతను అడిగింది న్యాయమే. ఎత్తు మీద దిగి ఒంటెద్దులా లాగాల్సింది అతనే. కానీ అది నెలాఖరు. నేను బేరమాడుతుంటే నాన్న విని, "ఎందుకురా, నీ సైకిలుందిగా. కేరేజీ మీద కూచుంటాను" అన్నారు. నేను కాదనలేదు. కాదనాల్సింది.

చదును మీద బాగానే వెళ్ళాం. డౌన్ మొదలయ్యాక సీటు మీంచి లేచి నిలబడి తొక్కాను. ముగ్గురి బరువు - ఆయనది, నాది, సైకిలుది. సగానికి వచ్చేసరికి ఇక కాళ్ళు ఆడలేదు. ఇంతలో బండి ఉన్నట్టుండి తేలికైంది. నాకెక్కడిదో బలం వచ్చిందనుకున్నాను. పళ్ళు బిగించి ఇరవై గజాలు తొక్కి వెనక్కి చూశాను. నాన్న కేరేజీ మీద లేరు. దిగిపోయి, రెండు చేతులతో కేరేజీ పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ నా సైకిలు తోస్తున్నారు.

ఆయాసంతో ఆసుపత్రికి పోతున్న మనిషి, ఆసుపత్రికి తీసుకుపోతున్నవాణ్ణి తోస్తున్నాడు!

నేను దిగిపోయాను. "ఆగావేంరా, తొక్కు, వచ్చేశాంగా" అన్నారు. సైకిలు గోడకి చేరవేసి, ఆయన చంకకింద చెయ్యి వేసి నడిపించుకుని వెళ్ళాను. పది రోజులుండి ఇంటికొచ్చారు. తరువాత రెండేళ్ళు బతికారు. ఆ రెండేళ్ళూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఒకటే మాట చెప్పేవారు: "మావాడు నన్ను సైకిలు మీద కూచోబెట్టుకుని డౌన్ ఎక్కించేశాడు" అని. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఒక్కసారైనా కాదని చెప్పలేదు. అర్ధరూపాయి సంగతీ చెప్పలేదు.

కిందటేడు మా మనవడు ఫోనులో ఒక వింత చూపించాడు. నార్వే దేశంలో ట్రోండ్‌హైమ్ అనే ఊరుందిట. అక్కడ ఒక ఎత్తైన వీధిలో సైకిళ్ళ కోసం 1993లో లిఫ్టు పెట్టారు. పొడవు 130 మీటర్లు. సైకిలు మీదే కూర్చుని కుడికాలు ఒక పలక మీద ఆనిస్తే, ఆ పలక వెనక నుంచి పైకి తోస్తుంది. "ఎలా ఉంది తాతయ్యా?" అన్నాడు. బాగుందన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే దుమ్ము పడిందనుకున్నాడు.

ఇప్పుడు ఆ ఆయాసం నాకూ వచ్చింది. మొన్నామధ్య పరీక్షలకి వెళ్తూ ఆటో ఎందుకులే అని డౌన్ నడిచి ఎక్కాను. మధ్యలో ఒక కొట్టు అరుగు మీద కూలబడ్డాను. కొట్టు అబ్బాయి మంచినీళ్ళిచ్చి మా అబ్బాయికి ఫోను చేశాడు. "నన్ను పిలవకూడదా నాన్నా?" అని మావాడు కోప్పడ్డాడు. మా నాన్న చేసిన పనే నేనూ చేశానని అప్పుడు తెలిసింది.

కనుక మిత్రులారా, మీకు రెండు విన్నపాలు. ఒకటి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆటో డబ్బులు మిగల్చవద్దు. పెన్షను వస్తున్నది దానికోసం కూడా. రెండోది పిల్లలకి: పెద్దవాళ్ళు "నడవగలంలే" అంటే వెంటనే నమ్మవద్దు. బండి తేలికైతే ఒకసారి వెనక్కి చూడండి.

సంఘానికి ఒక మనవి. మన డౌన్‌లలో నడిచి ఎక్కేవాళ్ళకి సగం దారిలో కూర్చోవడానికి రెండు సిమెంటు బల్లలు, పట్టుకోవడానికి ఒక కమ్మీ వేయించమని కార్పొరేషనుకి అర్జీ పెడదాం. ముసాయిదా నేను రాస్తాను. అది నాకు చేతనైన పని.