ఆ ఇంట్లో దాచింది నేరాన్ని కాదు



నేరం, శిక్ష, సినిమా గురించి మాట్లాడమన్నారు. మనకు బాగా అలవాటైన కథతో మొదలుపెడతాను. ఒక హత్య జరుగుతుంది. ఏ పాపం తెలియని మనిషికి శిక్ష పడుతుంది. అతని కూతురో, ఒక యువ లాయరో పాత ఫైలు తిరగేస్తారు. ఒక పెద్దింట్లో ఏళ్ల తరబడి దాచిన రహస్యం బయటపడుతుంది. అసలు హంతకుడు ఆ ఇంటివాడే. నిర్దోషి జైలు గేటు దాటి వస్తాడు. మనం ఊపిరి పీల్చుకుంటాం.

ఇలాంటి థ్రిల్లర్లు నేనూ అర్ధరాత్రి దాకా కూర్చుని చూస్తాను. వాటిమీద నాకు చిన్నచూపు లేదు. కానీ అవి మనకు తెలియకుండానే రెండు సంగతులు నమ్మిస్తాయి. నిర్దోషికి శిక్ష పడటం ఎవరో ఒకడి కుట్ర అన్నది మొదటిది. రహస్యం బయటపడితే చాలు, న్యాయం దానంతట అదే జరుగుతుందన్నది రెండోది. ఈ రెంటినీ మన దేశపు కేసుల పక్కన పెట్టి చూద్దాం.

2003లో మహారాష్ట్రలో జరిగిన హత్యలు, అత్యాచారం కేసులో ఆరుగురిని పట్టుకున్నారు. అందరూ సంచార జాతుల పేదలు. కింది కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ముగ్గురికి దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు మళ్లీ ఆరుగురికీ ఉరే ఖాయం చేసింది. పదేళ్ల తర్వాత, 2019 మార్చి 5న, అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని తీర్పు చెప్పింది. ఒక్కొక్కరికి 5 లక్షల పరిహారం ఇమ్మంది. నేరం జరిగిన నాటికి వారిలో ఒకరు మైనరని ఆ మధ్యలోనే తేలింది.

ఈ కేసులో రహస్యం ఎక్కడుంది? ప్రత్యక్ష సాక్షి పోలీసుల ఫోటోల్లో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ సంగతి రికార్డులోనే ఉంది. పోలీసులు ఆ దారిలో దర్యాప్తు చేయలేదు. అంటే నిజాన్ని ఎవరూ గోడ వెనక దాచలేదు. అందరి కళ్లముందూ ఉన్న కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు పట్టించుకోలేదు? 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. మన స్టువర్టుపురంలో ఎరుకల వారిని సెటిల్‌మెంట్‌లో ఉంచింది ఆ చట్టం నీడలోనే. 1952లో చట్టం రద్దయింది. అనుమానం మాత్రం రద్దు కాలేదు. 2024 అక్టోబరులో జైళ్లలో కులం చూసి పని అప్పజెప్పడాన్ని కొట్టేస్తూ, ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్‌ తీసేయమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక మన విజయవాడ. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక దళిత యువకుడిని అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. కానీ ఈ కేసులో ఏ థ్రిల్లర్‌ రచయితా ఊహించని సంగతి ఒకటుంది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ఈ అబ్బాయి నేరస్థుడు కాడని మొదట్నుంచీ చెబుతూ వచ్చారు. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం మైకుల ముందు నిలబడి చెప్పినా ఎనిమిదేళ్లు ఎవరికీ వినపడలేదు. నిజం బయటపడితే న్యాయం జరుగుతుందన్న నమ్మకం అక్కడ కూలిపోయింది.

సినిమాల్లో ఈ సంగతి పట్టుకున్నది 2015లో వచ్చిన ‘విసారణై’. గుంటూరులో అరెస్టయిన తమిళ కార్మికుడు ఎం. చంద్రకుమార్‌ తన అనుభవంతో రాసిన నవల దానికి ఆధారం. అందులో పోలీసులు వెతికేది దొంగను కాదు, ఒప్పుకునే మనిషిని. దిక్కులేని వలస కూలీ కంటే ఆ పనికి అనువైనవాడు ఎవడు?

ఇప్పుడు కుటుంబ రహస్యం. మాకూ ఒకటుంది. నాకు ఆరేళ్లప్పుడు మా మేనమామ కనిపించకుండా పోయాడు. “మామ దుబాయి పోయిండు” అన్నారు. పదకొండు నెలలకు తిరిగొచ్చాడు. చేతిలో పెట్టె లేదు, సెంటు సీసా లేదు. ఎం.ఏ. చదివేటప్పుడు అమ్మ అసలు సంగతి చెప్పింది. ఒక ఆసామి బోరు మోటరు పోతే మామ మీద కేసు పెట్టారు. జామీనుకు నిలబడేవాళ్లు లేరు. చివరికి కోర్టు కేసు కొట్టేసింది.

“కొట్టేస్తే మరి దాచుడెందుకు?” అనడిగాను.

“కొట్టేసిన ముచ్చట ఎవనికి యాదుంటది బిడ్డా? జైలుకు పోయిండన్నదే యాదుంటది. మీ అక్క పెండ్లి ముందట ఉండె” అంది.

థ్రిల్లర్లో కుటుంబం దాచేది తన నేరాన్ని. మా ఇంట్లో దాచింది ఒక మనిషి నిర్దోషిత్వాన్ని. పరువు ఉన్న కులానికి రహస్యం రక్షణ కవచం. మాకు అది రెండో శిక్ష. 2022 జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. వాళ్లలో ఎంతమంది ఇళ్లలో పిల్లలకు ‘దుబాయి’ కథలు చెబుతున్నారో ఏ పట్టికలోనూ ఉండదు.

2018లో లా కమిషన్‌ తన 277వ నివేదికలో, తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారం ఇచ్చేందుకు చట్టబద్ధమైన ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. చట్టం రాలేదు. పరిహారం ఇప్పటికీ హక్కు కాదు, జడ్జి దయ. సమానత్వాన్ని కాగితం మీది నుంచి జీవితంలోకి తేవాలని కోరిన అంబేడ్కర్‌ వారసులుగా మనం అడగాల్సిన మొదటి చట్టం ఇది. పరిశోధకులుగా చేయాల్సిన పని ఇంకొకటుంది. తీర్పు చదివి ఆగిపోవద్దు. ఛార్జిషీటు చదవండి, జామీను ఎందుకు దొరకలేదో చూడండి, ఆ ఇంటికి వెళ్లి వాళ్లకు ఇష్టమైతేనే వాళ్ల మాట వినండి.

ఈ ప్రసంగం రాసుకున్నాక మామకు ఫోన్‌ చేసి, చెప్పనా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా పేరు చెప్పకు. ముచ్చట చెప్పు” అన్నాడు.

అందుకే చెప్పాను. జై భీమ్.